కుళాయి నీళ్లకు ఆధారం

ఆ ఊరికి కుళాయి నీళ్లు వచ్చింది కుళ్ళాయప్ప భార్య అక్కమ్మ వల్లే. ఆడవాళ్లను వెంటేసుకుని, ఖాళీ బిందెలతో, పైపులు పడేదాకా శింగనమల రోడ్డు మీద కూర్చుంది. ఇప్పుడామె లేదు. అందరూ కలిసి రాసే ఇంటర్నెట్ విజ్ఞానకోశంలో ఊరి పేజీ మాత్రం, నీళ్లు తెచ్చింది అక్కడి నాయకుడని చెబుతోంది.

కుళ్ళాయప్ప ఫోన్లోంచి ఆ పేజీలో అక్కమ్మ పేరు చేర్చాడు. చేర్చిన ప్రతిసారీ హేమంత్ అనే అతను తీసేశాడు. పేపర్లో రాలేదు కాబట్టి ఆధారం లేదన్నాడు. నాయకుడి పేరుకు ఆధారం నాయకుడి సొంత పేపరే. దాన్ని ముట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆ హేమంతే, ఆ పేజీకి ఫొటోలు తీయాలని బైకు మీద వచ్చాడు. బైకు ముందర నాయకుడి బొమ్మ. కుళ్ళాయప్ప వాకిట్లో ఆగి, తానెవరో చెప్పుకున్నాడు.

"దప్పికైతాండాది పెద్దాయనా. కొంచెం నీళ్లిస్తావా?"

"దప్పికైతాండాదని పేపర్లో వచ్చిందా అప్పా?"

హేమంత్ నవ్వబోయి ఆగాడు. "అక్కమ్మ పేరు పెడతాండేది నువ్వేనా?"

"ఆమె మొగుణ్ణి."

"నన్నేం చేయమంటావు? రూలు అట్లుండాది."

"మీ నాయకునికి లేదేమప్పా ఆ రూలు?"

కుళ్ళాయప్ప లోపలికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చాడు. దప్పికన్నవాణ్ణి అక్కమ్మ ఏనాడూ ఊరికే పంపలేదు.

"తాగు. తాగి మీ నాయకునికే దండం పెట్టుకో."

హేమంత్ తల వంచుకుని తాగాడు. "ఇంకోసారి ఆమె పేరు పెట్టు పెద్దాయనా. ఈసారి తీయనులే."

"నాయకుని పేరు తీస్తావా?"

హేమంత్ బైకు స్టార్ట్ చేశాడు.

కుళ్ళాయప్ప చెంబు కడిగి, అరుగు మీద బోర్లించాడు.