ఎర్లిండా ఏం కొనేది

ఉదయం గేటు దాటి పెరట్లోకి వచ్చిన ఎర్లిండాకు తన బల్ల కనిపించలేదు.

నారింజ చెట్టు కింద కుర్చీలు రెండూ ఎదురెదురుగా అలాగే ఉన్నాయి. బల్ల ఉండాల్సిన చోట మట్టిలో నాలుగు గుంటలు మిగిలాయి. ఆంటిగ్వా ఊళ్లో విదేశీయులకు స్పానిష్ నేర్పే బడుల్లో ఎవరినీ రేపటినుంచి రావద్దనరు. బల్ల తీసేస్తారు. ఎందుకు తీశారని అడగడం నామర్దా.

"మీ బల్లకి రెక్కలొచ్చాయా అక్కా?" పక్క బల్ల దగ్గర పాఠం చెప్పే నోయెమి నవ్వబోయి, అర్థమై నోరు మూసుకుంది.

బడి నడిపే దోన్యా ఒఫెలియా వరండాలో ఫోను చెవికి ఆనించుకుని తిరుగుతోంది. ఇటు చూడలేదు. ఎర్లిండా శాలువా సర్దుకుని, ఎదురుచూస్తున్న విద్యార్థిని వైపు తిరిగింది.

"పదండి మార్గిట్. ఇవాళ పాఠం బజార్లో."

మార్గిట్ నార్వేలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తాడిలాంటి పొడుగు, ఎండకి కందిన ముక్కు. ఆమె పక్కన ఎర్లిండా భుజం దాకా కూడా రాదు. గుండ్రటి ముఖం, వెండి తొడుగు వేసిన పన్ను, అరిగిన నల్ల బూట్లు. బస్సు నడిపే మొగుడు పోయాక ఇద్దరు మేనకోడళ్లను పెంచి పెళ్లిళ్లు చేసింది. తాను ఊరు దాటి వెళ్లింది తక్కువ. లోకమే వచ్చి ఆమె బల్లకి అటువైపు కూర్చునేది. ఆ బతుకు ఆమెకి నచ్చింది.

అవకాడో గుట్ట ముందు ఆగారు.

"కొంప్రార్ అంటే కొనడం. డబ్బుంటే కొనేదాన్ని అని చెప్పండి."

"కొంప్రీయ?"

"అయ్యో, తోక కోసేశారు! ఈ పాఠంలో ఏదీ కోయక్కర్లేదు. మాట మొత్తం ఉంచి చివర తగిలించడమే. నేనైతే కొంప్రరీయ. నువ్వైతే కొంప్రరీయాస్. మనమైతే కొంప్రరీయామోస్. వాళ్లయితే కొంప్రరీయాన్."

"ఉంటే గింటే ఏంటి తల్లీ," అంది అవకాడోల ఆవిడ. "ఇంతకీ కొంటారా, కొనరా?"

ముగ్గురూ నవ్వారు. మార్గిట్ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ, డబ్బుంటే తమ్ముడికి పడవ కొనేదాన్నని తప్పులేకుండా చెప్పింది. తర్వాత అందరూ అడిగేదే అడిగింది.

"మీరైతే ఏం కొనేవారు?"

ఈ ప్రశ్నకి ఎర్లిండా జవాబు ఇన్నేళ్లుగా ఒక్కటే. ఊగని బల్ల. ఆమె బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క పెట్టి నెట్టుకొస్తోంది. ఇవాళ ఆ ఊగే బల్ల కూడా లేదు.

"అవకాడోలు," అంది.

మధ్యాహ్నం తన కప్పూ కుర్చీ మెత్తా తీసుకుపోదామని బడికి తిరిగొచ్చింది. గేటు దగ్గర తోటమాలి దోన్ ఎలిసెయో ఎదురుపడ్డాడు. నుదుటికి మోతపట్టీ బిగించి, వీపు మీద బల్ల మోస్తున్నాడు. ఆమె బల్లే.

"వచ్చేసిందా!" దోన్యా ఒఫెలియా వరండాలోంచి కేకేసింది. "బల్ల తీసుకెళ్లానని పొద్దున్నే నాతో చెప్పాడు, ఫోన్ల గోలలో మీకు చెప్పడం మరిచాను. సోమవారం నుంచి మీకు కొత్త విద్యార్థిని, జపాన్ ఆవిడ!"

ఎలిసెయో బల్ల దించాడు. ఎర్లిండా దాని మూల మీద అరచేత్తో నొక్కింది. కదల్లేదు. అప్పుడు చూసింది, అతని కాళ్లకి రోజూ వేసుకునే రబ్బరు బూట్లు లేవు. మెరిసే తోలు బూట్లున్నాయి. గేటు పక్కన తాడుతో కట్టిన సంచి ఉంది.

"కోబాన్‌కా? కూతురి దగ్గరికా?"

అతను టోపీ తీశాడు.

"అవును సేన్యో. బల్ల ఎత్తుకుపోయింది నేనే. తెల్లారకముందే. పాఠం వేళకి తెచ్చేద్దామనుకున్నా, జిగురు ఆరలేదు. మీ ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఈ మట్టిబుర్రకి తట్టలేదు. ఇన్నేళ్లూ మొక్కలకి నీళ్లు పోస్తూ మీ పాఠమంతా విన్నా. వచ్చిన ప్రతివాళ్లకీ ఊగని బల్ల కొనేదాన్నని చెప్పేవారు. విని, రేపు చేద్దాంలే అనుకునేవాణ్ణి. ఇవాళ బస్సెక్కుతున్నా, ఇక రేపెక్కడిది? కొత్త కాలు మా ఇంటి తలుపు చెక్క. ఇల్లు ఖాళీ చేశాక తలుపెందుకు? రంగు మాత్రం కలవలేదు, ఏమీ అనుకోకండి."