గౌరీపురం కోట గుమ్మం

ఎండాకాలం సెలవులు పిల్లలకే గానీ రామతులసికి కాదు. పటమటలో తను పనిచేసే కాన్వెంటు సమ్మర్ స్కూలు పెట్టిన ప్రతి ఏడూ ఆవిడే ఉండాలి. ఆ శనివారం పొద్దున్నే నలభైమంది పిల్లల్నీ, రెండు బకెట్ల పులిహోరనీ, ఒక క్యాను మజ్జిగనీ బస్సెక్కించి, గౌరీపురం కోట చూపించడానికి బయల్దేరింది. పులిహోర ఎందుకంటే, ఆ కోట సంగతి అందరికీ తెలిసిందే. కడుపు నిండనివాళ్లని దాని గుమ్మం బయటికి పోనివ్వదు. జమీందార్లు పోయి యాభై ఏళ్లయినా దాని మర్యాద దానిదే. టికెట్ల కిటికీ పక్కన బోర్డు కూడా ఉంటుంది: 'భోజనం చేసి వెళ్లవలెను.'

చిక్కల్లా రామతులసి మొక్కుతో వచ్చింది. ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా శనివారాలు మజ్జిగ తప్ప ఏమీ ముట్టనని హనుమాన్ జంక్షన్లో ఆంజనేయస్వామికి మొక్కుకుంది. అప్పుడే మూడేళ్లయింది. కరస్పాండెంటు వెంకటకృష్ణారావుగారు ఏటా జూన్లో చూద్దామంటారు, జూన్ వచ్చాక ఎండలు తగ్గనివ్వమంటారు. ఈసారి మాత్రం, "ఐదింటికల్లా పిల్లల్ని ఏ గొడవా లేకుండా ఇళ్లకి చేర్చండి మేడమ్, మీ సంగతి తేలుద్దాం" అన్నారు. అని, నమ్మకం లేక తనూ బస్సెక్కారు.

పిల్లలు దర్బారు హాలు చూశారు, ఏనుగు అంబారీ చూశారు. ఆరో తరగతి ఉషశ్రీ రాణిగారి బాత్రూం ఎక్కడని అడిగి అందర్నీ నవ్వించింది. పులిహోర గిన్నెలు నాకేశారు. మూడింటికి వరసగా బయటికి నడిచారు. కరస్పాండెంటుగారు త్రేనుస్తూ గుమ్మం దాటారు. రామతులసి చివరి పిల్లల మధ్య కలిసిపోయి దాటేద్దామనుకుంది. టేకు తలుపులు ఎవరికీ తగలకుండా, మెల్లగా, ఆవిడ ముందు మూసుకున్నాయి.

"ఏం తిన్నారమ్మా?" అన్నాడు గుమ్మం లోపల కూర్చున్న కాపలా శౌరయ్య.

"మజ్జిగ తాగానండీ."

"మజ్జిగ దీనికి ఆనదమ్మా. ఆమధ్య ఫొటోలకొచ్చిన పెళ్లికొడుకు బిస్కెట్లతో సరిపెట్టాడు. ముహూర్తం దాటిపోయింది."

తలుపుల సందులోంచి కరస్పాండెంటుగారి కన్ను కనిపించింది. "ఏదో ఒకటి తినేసి రండి మేడమ్! టైమవుతోంది!"

"మొక్కుందండీ."

"ఏం మొక్కు?"

చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పింది. "అయితే ఉండండి, మేం పోతాం" అని ఆ కన్ను వెళ్లిపోయింది.

పోవడమే కష్టమైంది. బస్సులో ఒకడు వాంతి చేసుకున్నాడు. కిటికీ సీటు కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. నలుగురు టాపెక్కారు. దిగమని అరుద్దామంటే వెంకటకృష్ణారావుగారికి ఒక్కడి పేరూ తెలియదు.

"టీచర్ రాకపోతే మేం రాం సార్" అంది ఉషశ్రీ. మిగతావాళ్లంతా దిగి గుమ్మం ముందు బాసింపట్లేసుకుని కూర్చున్నారు.

నాలుగవుతోంది. ఆయన చెమటలు కక్కుతూ హాజరుపట్టీలోంచి కాగితం చింపి, 'నేటి నుంచి పర్మనెంటు' అని రాసి, సంతకం పెట్టి, సందులోంచి లోపలికి తోశారు. రామతులసి రెండుసార్లు చదివింది. మడిచి కొంగున ముడేసుకుని అక్కడే కూర్చుంది.

పులిహోర మెతుకైనా మిగల్లేదు. శౌరయ్య తన క్యారేజీ విప్పాడు. "పై గిన్నెలో మామిడికాయ పప్పూ అన్నం ఉన్నాయి, తినండమ్మా. అడుగుది ఎండురొయ్యలు, అది నాది."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మూడేళ్ల శనివారాల ఆకలీ ఒక్కసారే తెలిసింది. ఇన్నాళ్లూ తనని తను ఇంత మాడ్చుకుందా అని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తింది. నాలుగో ముద్దకి తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

"రండి మేడమ్, రండి! తెరుచుకుంది!" బయటినుంచి వెంకటకృష్ణారావుగారు చేతులూపుతున్నారు.

రామతులసి అటు చూసి, మళ్లీ గిన్నెలోకి చూసుకుంది.

"శౌరయ్యగారూ, ఇంకాస్త పప్పు వెయ్యండి" అంది.