పేరిందేవమ్మ చేవ్రాలు

వసంతము కొలువు చాలింపక మునుపే గ్రీష్మమునకు మాఱుగా వానమబ్బులు వచ్చి కూర్చుండు వింతదేశమగు నింగ్లండునందు ఉత్తరదిక్కున హాథర్‌విక్కను నొక చిన్న పట్టణము కలదు. వైశాఖమాసమున నొక గురువారమునాటి యుదయమున సన్నని తుంపర నిలిచియు నిలువక కురియుచుండ ముండ్లపొదలపై దెల్లని పూలు గుత్తులుగుత్తులుగా విరిసి తడిసి వ్రేలాడుచుండ ఎఱ్ఱయిటుకల యిండ్ల వరుసలపై బొగగొట్టములు పొగ లేక యూరక నిలిచియుండ ఆ పట్టణజనులు గొడుగులు విచ్చి పురపాలకసభకు దమ వాడవారి సభ్యు నెన్నుకొనుటకై పాఠశాలాభవనమునకు మెల్లగా నడచుచుండిరి. కిటికీలయందు బచ్చనివియు నీలివియు నగు ప్రకటనపత్రము లతికింపబడియుండెను. ఒకరినొకరు ద్వేషించువారు సైతము వానను గుఱించి మర్యాదగా రెండు మాటలు చెప్పుకొని సాగిపోవుట యా దేశాచారము.

ఆ యెన్నిక యంతయు నొక్క నేలచెక్కను బట్టి వచ్చినది. రైలుకట్ట ప్రక్కనున్న మూడెకరముల భూమిని పూర్వులు చిన్నచిన్న మళ్ళుగా విభజించి పెరడు లేని యిండ్లవారు కూరగాయలు పండించుకొనుటకై స్వల్పమగు కౌలున కిచ్చు నేర్పాటు చేసియుండిరి. నలువదియేండ్లు రైలుబండి గార్డుగా బనిచేసి విశ్రాంతి గొన్న ఆల్బర్టు టెన్నాంటను డెబ్బదియేండ్ల వృద్ధుడు ఆ మళ్ళను కాపాడుదునని యొక వైపున నిలిచెను. ఆ నేలను జదును చేయించి యంగళ్ళకు వచ్చువారి కార్లు నిలుపు తావుగా మార్పింతునని మఱియొక వైపున నిలిచినవాడు వెల్లంకి మురహరిరావు.

ఈ మురహరిరావు తెనాలి ప్రాంతమున బుట్టి ముప్పదియేండ్ల క్రిందట నా దేశమున కేగి యిండ్ల క్రయవిక్రయములు కుదుర్చు వ్యాపారమున స్థిరపడి తన పేరు దొరలకు నోరు తిరుగదను నెపమున మర్రే యని కుదించుకొనిన ఘనుడు. ఎన్నికకై యచ్చు వేయించిన కరపత్రమున దన నాలుక యాంగ్లము దక్క వేఱొక భాష నెఱుగదనియు తాను కలలు కూడ నాంగ్లముననే కందుననియు వ్రాయించుకొనెను. కలల సంగతి మన మెఱుగము కాని గుమ్మము తలకు దగిలినప్పు డాతడు "అమ్మా" యని యఱచుట పొరుగువారు వినియున్నారు.

ఆ యమ్మ పేరు పేరిందేవమ్మ. భర్త పోయిన పిదప నేడేండ్ల క్రిందట గుమారునికడకు వచ్చి చేరినది. కరణముగారి కూతురగుటచే జిన్ననాటనే వ్రాత నేర్చినది. వంటసరకుల పట్టీ మొదలు వియ్యపురాలికి వ్రాయు జాబు వఱకు నే కాగితము ముట్టినను తలకట్టున శ్రీరామ యని వ్రాయక మొదలుపెట్టదు, అడుగున దన వ్రాలు సేయక ముగింపదు. వ్రాలు లేని కాగితము ఆకాశరామన్న యుత్తరమనియు మర్యాదస్థులు పేరు దాచుకొని మాటాడరనియు దండ్రి యామెకు నేర్పిన మొదటి పాఠము. ఆంగ్లము మాత్ర మామెకు బట్టుబడలేదు.

రైలుకట్ట ప్రక్క మళ్ళలో నేబదిరెండవది పేరిందేవమ్మది. దాని ప్రక్కది టెన్నాంటుది. గోంగూర విత్తు లా చలికి మొలవకయే చచ్చుట చూచి యతడు తన గాజుపందిరిలో సగము చోటామె కిచ్చెను. కుమారుడు పిలుచుట విని అమ్మ యనునది యామె పేరే యని తలంచి "మిసెస్ అమ్మా" యని పిలుచుట కలవాటుపడెను. ఇరువురిలో నొకరి భాష యొకరికి రాదు. పాఱతోడను వ్రేళ్ళతోడను జెప్పుకొనుచు వారాఱు వేసవులు గడపిరి. తెల్లవాఱినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు బలుకరించు దిక్కు లేని యింట గూర్చుండు నా ముసలిదానికి ఆ మడి యొక్కటియే లోకము.

కుమారుడు పోటీకి నిలుచుచున్నాడని విన్ననా డామె యతని యెదుటికి వచ్చి నిలిచెను.

"ఆ నేల జోలికి పోకు మురహరీ. కారు పెట్టుకోడానికి ఊళ్ళో చోటే కరువైందా? నాకు తెలిసిన చోటు అదొక్కటేరా."

"గోంగూర ఇప్పుడు దుకాణంలోనే కట్టలు కట్టి పెడుతున్నారమ్మా. నీకెంత కావాలంటే అంత తెచ్చి పడేస్తాను" అని చెప్పి మురహరిరావు టెలిఫోను చెవి కానించుకొనెను. ఆమె మఱల నడుగలేదు.

మన దేశపు పౌరు లచ్చట నివసించునంత కాలము వోటు వేయవచ్చునని యా దేశపు చట్టము. కావున నెన్నికకు బూర్వము మురహరిరావు తల్లిని గూర్చుండబెట్టి యొక కాగితముపై రెండు పేళ్ళు వ్రాసి ఇంటిపేళ్ళ యక్షరక్రమమున టెన్నాంటు పేరు పైనను దనది క్రిందను వచ్చుననియు క్రింది పేరు ప్రక్క గడిలో నడ్డగీతల గుర్తు వేయవలయుననియు ముమ్మాఱు నేర్పెను. ఆమె ముమ్మాఱును సరిగనే వేసి చూపెను. అంతకు మించి తల్లి నడుగవలసిన దొకటి యుండునని యా సుపుత్రునకు దోపలేదు. ఎన్నికనాడు దన కారులోనే కొనిపోయి చేయి పట్టుకొని దింపి లోనికి బంపెను. ఆమె కాగితము మడిచి పెట్టెలో వేసి వచ్చుటకు దక్కినవారికంటె నించుక యెక్కువసేపు పట్టినది.

మఱునా డుదయము పురమందిరమున వోట్లు లెక్కింపబడెను. మురహరిరావున కాఱువందల పదునొకండు వచ్చినవి. టెన్నాంటునకును నాఱువందల పదునొకండే వచ్చినవి. ఒక్క కాగితము మాత్రము సందేహగ్రస్తమై మిగిలెను. ఎన్నికల యధికారిణి శ్రీమతి గ్రెయిలు పోటీదారుల నిరువురను బిలిచి దానిని బల్లపై బఱచెను. తలకట్టున నేవో గుండ్రని యక్షరములు. పై పేరు ప్రక్క గడిలో దిన్నని యడ్డగీతల గుర్తు. అడుగున మఱల గుండ్రని యక్షరముల పంక్తి యొకటి.

"వోటు వేసిన దెవరో తెలుపు వ్రాత యున్నచో నీ కాగితము చెల్లదు. అట్టిది లేనిచో జెల్లును. ఈ లిపి నే నెఱుగను. ఎవరును జదువలేనిచో దీనిని టెన్నాంటుగారికి జేర్తును" అని యామె పలికెను.

మురహరిరావు తొలిచూపుననే యా చేతివ్రాత నానవాలు పట్టెను. తాను గుంటూరిలో జదువుకొను దినములలో వారమున కొకటి చొప్పున వచ్చిన యుత్తరముల వ్రాత యది. ఆ యుత్తరములలోని క్షేమసమాచారములు చదివి కంట నీరు పెట్టుకొనిన బాలుడు నతడే. ఇప్పు డూరకుండెనా యొక్క వోటుతో నోడును. నోరు విప్పెనా తనకు దెలుగు వచ్చునని యొప్పుకొనవలెను, కన్నతల్లి తనకు వోటు వేయలేదని పదుగురు వినునట్లు చెప్పవలెను, ఆమె వోటును దన నోటనే చంపవలెను. సిగ్గునకు నధికారమునకు నడుమ నతని మనస్సు తటపటాయించిన కాలము గోడగడియారపు నాలుగు టిక్కులకు మించలేదు.

"నేను జదువగలను" అని యతడు పలికెను.

టెన్నాంటు తలయెత్తి చూచెను. ఆ మాటతోడనే వ్రాత యెవరిదో యతనికి దెలిసిపోయినది. "మర్రేగారూ, ఆమె పేరు సభలో బలుకకుడు. కాగితమును గొట్టివేయుదురేని కొట్టివేయుడు. నాకు సమ్మతమే" అని మెల్లగా ననెను. కారణము వినక కాగితమును ద్రోసిపుచ్చుట చట్టము గాదని శ్రీమతి గ్రెయిలు చెప్పెను.

అంతట మురహరిరావు గొంతు సవరించుకొని, "పైనిది దేవుని పేరు. దానితో మనకు బని లేదు. క్రింద నున్నది, ఇట్లు వెల్లంకి పేరిందేవమ్మ వ్రాలు, అని. ఆమె నా తల్లి" యని చదివి వినిపించెను. ఎవరో నవ్విరి. నవ్వినవా రతని పక్షమువారే.

"మీరు పోటీదారులు. మీ మాట యొక్కటియే చాలదు. నిదర్శన మేమి?" యని యధికారిణి యడిగెను.

"ఈ మేడమీదనే కూరమళ్ళ కౌలుపత్రము లున్నవి. ఏబదిరెండవ మడిది తెప్పించి చూడుడు."

తెప్పించిరి. ఏ మడిని నిలుపుకొనుటకై యామె వోటు వేసెనో యా మడి పత్రమే యామె వోటునకు యముడై వచ్చి బల్లపై గూర్చుండెను. అదే శ్రీరామ, అదే వ్రాలు, ఒక్క గుడి యైనను దేడా లేదు. వోటు కాగితముపై ద్రోసిపుచ్చబడినదను ముద్ర పడెను. టెన్నాంటు టోపీ తీసి చేత బట్టుకొని గోడవైపు దిరిగి నిలుచుండెను. వోట్లు సరిసమానమైనప్పుడు చీటి తీయుట యచ్చటి విధి గావున రెండు పేళ్ళు రెండు చీటీలపై వ్రాసి తేయాకుడబ్బాలో వేసి యధికారిణి యొకటి తీసెను. అది మురహరిరావుది. దైవ మెవరి పక్షమని యడుగువారు తలకట్టున దన పేరు వ్రాసినదాని కేమి చేసెనో చూచుకొందురు గాక.

మధ్యాహ్నమున నత డింటికి వచ్చునప్పటికి తల్లి పీట వేసి విస్తరి సిద్ధము చేసియుండెను.

"టెన్నాంటుగారు గెలిచారా?" అని యామె యడిగెను.

"నేనే గెలిచాను. నీ వ్రాలే గెలిపించిందమ్మా నన్ను. పేరు రాసిన కాగితం చెల్లదు. నువ్వు ఊరికే గుర్తు పెట్టి వచ్చుంటే నేను ఓడిపోయేవాణ్ణి. అందరి ముందూ నేనే చదివి వినిపించాను."

ఈ మాట లతడు కోపముతో బలుకలేదు. నవ్వుచు బలికెను. ఆమె చేతిలోని గరిటె గిన్నెలో నటులే యుండిపోయినది.

"పైది ఆయన పేరని తెలిసే పెట్టాను. కన్నకొడుక్కి ఎదురు నిలబడేటప్పుడు చాటుగా చెయ్యకూడదని పేరు రాశాను. చెల్లదని ముందే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"నువ్వు రాస్తావని నాకేం తెలుసు?"

"డెబ్బయ్యేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. నీకు తెలీదూ?"

మురహరిరావు విస్తరి ముందు గూర్చుండెను. ఆకలి మీద నుండెను. ఆమె వడ్డించెను. తన మడిలో బండిన నిరుటి గోంగూరతో నామె నూఱిన పచ్చడి నతడు రెండు మాఱులు వేయించుకొని తినెను.

శ్రావణము వచ్చునప్పటికి బురపాలకసభ యొక్క వోటు మొగ్గుతో నా నేలను జదును చేయ నిశ్చయించెను. ఆ యొక్క వోటెవరిదో చెప్పనక్కఱలేదు. టెన్నాంటు తన గాజుపందిరిని దానే పలకపలకగా విప్పి బండి కెత్తించి పేరిందేవమ్మ చేతికి మూడు గోంగూర మొక్కలు మట్టిగడ్డతో నిచ్చి యేమో చెప్పబోయి భాష లేక వెడలిపోయెను. ఆమె వానిని బెట్టుకొనుటకు కుమారుని యింట జానెడు మన్ను లేదు. గట్టుపై గూర్చుండి యవి వాడుట చూచుచుండెను.

అంతలో బురపాలకోద్యోగి మడి యప్పగించితి నను పత్రములు చేతబట్టుకొని మడిమడికి దిరుగుచు నచ్చటికి వచ్చెను. నూతన సభ్యుడగు మురహరిరావు వెంట నుండెను. ఉద్యోగి పత్రమును గలమును ముసలిదాని చేతి కిచ్చి వ్రేలితో వ్రాలు చేయు చోటు చూపెను. ఆమె కాగితమును దలకట్టు మొదలు అడుగువఱకు నొకమాఱు చూచెను. తలకట్టున నేమియు వ్రాయలేదు. చూపిన చోట నొక గీత గీచి దానికడ్డముగా మఱియొక గీత గీచి కలము తిరిగి యిచ్చివేసెను.

మురహరిరావు మొగ మెఱ్ఱబడెను. "పేరు రాయమ్మా. చదువు రానిదానివనుకుంటాడు" అని తెలుగుననే గొణిగెను.

"మీ ఊళ్ళో గుర్తే చెల్లుతుంది నాయనా. పేరు రాస్తే పారేస్తారు."

ఉద్యోగి కా మాట లర్థము కాలేదు. పాప మక్షరము రాని వృద్ధ యని తలంచి యా గుర్తు ప్రక్కన నట్లే వ్రాసికొని అట్టివారి గుర్తునకు సాక్షి యుండవలెను గావున గుమారునిచే దాని క్రింద వ్రాలు చేయించుకొనెను. కుమారుడు మర్రే యని చేసెను. ఆ కాగితము చెల్లెను.