అన్నయ్య జవాబులు

మడిచిన కాగితాల దొంతరను బల్లకేసి తట్టి, అంచులు సమం చేసి, బైండరు కుట్టు మొదలుపెట్టాడు. చిన్నప్పుడొచ్చిన జ్వరంతో ఆయనకు వినికిడి పోయింది. మాట మొద్దుబారింది. తోటిపిల్లలు వెక్కిరించడంతో ఆ కాస్త మాటా మానేశాడు. ప్రెస్సులో యంత్రాలు ఎంత మోగినా ఆయనకు తెలిసేది బల్ల అదురు మాత్రమే. పెళ్ళి చేసుకోలేదు. అద్దెగది, ఈ బల్ల, దూరాన అమ్మ, ఆమెను చూసుకునే చెల్లెలు. అంతే ఆయన లోకం.

చేతిఫోన్లు ఇంకా అందరి దగ్గరా లేని రోజులు. చెల్లెలు పనిచేసే బడిలో ఒక కంప్యూటరు ఉంది, ప్రెస్సు ఆఫీసులో ఒకటి ఉంది. అన్నాచెల్లెళ్ళ మాటలన్నీ ఆ దారినే.

కుట్టిన పుస్తకాలకు జిగురు పూస్తూ, టీ వేళకు కుంచెను ఏప్రన్ జేబులో దోపుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళి, గుమస్తా అమ్మాయి పక్కన నిలబడి చెల్లెలి మెయిల్ చదివాడు. ఒకటే వాక్యం. "అన్నయ్యా, ఇక నీకు రాయను."

ఆయన ముఖం పాలిపోయింది. చీటీ మీద గబగబా రాశాడు. "ప్రతిదానికీ జవాబిచ్చాను."

నిజమే. పంపినవాటిలో అన్నీ కనబడుతున్నాయి. అమ్మకు ఆయాసం ఎక్కువైందని ఆమె రాస్తే, "నువ్వు రమ్మంటే మర్నాడే వస్తాను" అని ఈయన రాశాడు. రమ్మనలేదు గనక కుదుటపడిందనుకున్నాడు. ఆమె పట్టుదల మనిషి, జవాబెందుకివ్వవని ఒక్కసారీ అడగలేదు.

"ఉండు బాబాయ్, చూద్దాం," అంది గుమస్తా. ఆయన పెదవులు చదవగలడు.

ప్రెస్సు ఖాతా నుంచి, ప్రెస్సులోదే అయిన యజమాని ఖాతాకు ఒక మెయిల్ పంపింది. చేరింది. బయట తనకున్న మరో ఖాతాకు పంపింది. చేరలేదు. ఆ ఖాతాలో చెత్త మెయిళ్ళు పడే చోట వెతికింది, అక్కడా లేదు. తిరిగీ రాలేదు. మెయిల్ కంపెనీకి ఫోన్ చేసింది.

"పోయిన నెల మీ ఇంటర్నెట్ లైను మార్చారు కదమ్మా," అన్నాడు అవతలి మనిషి. "ఆ సంగతి మేం నమోదు చెయ్యలేదు. మీ పేరుతో ఎవరో దొంగలు పంపుతున్నారనుకుని బయటివాళ్ళు పారేస్తున్నారు."

"పారేస్తే చెప్పొద్దా?"

"దొంగలకెవరు చెప్తారమ్మా? రేపటికి సరిచేస్తాం."

ఆమె చీటీ మీద "రేపు" అని రాసిచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, అలవాటుకొద్దీ సరిగ్గా నడిమికి మడిచి, బొటనవేలి గోటితో మడత నొక్కాడు.

"ఛ, నా బుర్ర!" అంది ఆమె. ఇందాకటినుంచీ మెయిలు బాగుచెయ్యడమే ఆలోచిస్తోంది. చెల్లెలి ఇంటి నంబరు అడిగి, ఫోన్ అందుకుంది.

"జవాబు రాయడానికే తీరికలేని మనిషి ఇప్పుడు నీతో ఫోన్ చేయిస్తున్నాడా?" అంది చెల్లెలు.

"రాశాడక్కా. అన్నిటికీ రాశాడు. మా దగ్గరే దారి తప్పాయి." తెర మీద ఉన్నవి ఒక్కొక్కటే చదివి వినిపించింది. "రమ్మంటే మర్నాడే వస్తాను" దగ్గరికి వచ్చేసరికి అవతల ఏడుపు మొదలైంది.

"అమ్మ అన్నయ్య కోసమే కలవరిస్తోందమ్మాయ్. రేపటిదాకా ఉంటుందో లేదో. ఒక్కసారి అన్నయ్యకివ్వు. అమ్మ చెవి దగ్గర పెడతాను."

"అమ్మ నీకోసం కలవరిస్తోందట బాబాయ్, ఒక్క మాట పిలువు," అని గుమస్తా ఆయన పెదవులు చూసేలా చెప్పి ఫోన్ అందించింది. ఆయన గుమ్మం వైపు చూశాడు. ఎవరైనా వింటారేమోనని సందేహించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా!"

గొంతు బొంగురుగా, అక్కరకు మించి గట్టిగా వచ్చింది. యంత్రం దగ్గరివాళ్ళు పని ఆపి చూశారు. ఇన్నేళ్ళలో ఆ గొంతు ఎవరూ వినలేదు.

"అమ్మా, వస్తున్నా."

గుమస్తా ఫోన్ తీసుకుని తన చెవికి ఆనించింది. "విందమ్మాయ్. నవ్వింది," అంది చెల్లెలు.

ఆయన చేతులైనా కడుక్కోకుండా బస్సు కోసం వెళ్ళిపోయాడు.

సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగింది. "పోయింది," అంది చెల్లెలు. "అన్నయ్య ఇంకా దార్లోనే ఉండి ఉంటాడు కదూ?"

గుమస్తా ఫోన్ పెట్టేసింది. దీపం ఆర్పడానికి కుట్టుపని గదిలోకి వెళ్ళింది. గోడమేకుకు ఆయన ఏప్రన్ వేలాడుతోంది. దాని జేబులో మరచిపోయిన జిగురు కుంచె తడి, గుడ్డలోకి మెల్లగా పాకుతోంది.