పన్నెండు అర్జెంట్లు

కుసుమఝరి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే దయానిధి బాగ్‌కి ఇరవై రెండేళ్ల సర్వీసు. నడుం పట్టేసింది, కళ్లు లాగేస్తున్నాయి, ఓపిక ఏనాడో అడుగంటింది. ఆయన తీసిన ఫిల్ములు కంప్యూటర్లో భువనేశ్వర్ వెళ్తాయి. అక్కడ ఇతిశ్రీ మేడం చూసి రిపోర్టు రాసి పంపాలి. ముప్పై ఆసుపత్రులకి ఆవిడ ఒక్కతే.

మామూలుగా పంపితే రిపోర్టుకి నాలుగు రోజులు. అర్జెంటని ఎర్ర గుర్తు పెడితే సాయంత్రానికి వస్తుంది. కొండ దిగి వచ్చిన ముసలమ్మని నాలుగు రోజులు వరండాలో ఎలా పడుకోబెడతారు? అడగందే అమ్మైనా పెట్టదని, దయానిధి మోకాలి నొప్పికీ ఎర్ర గుర్తే పెట్టాడు, సర్పంచి బావమరిది భుజానికీ ఎర్ర గుర్తే పెట్టాడు. ముప్పై చోట్లా ఇదే తెలివి. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు?

ఆ మధ్యాహ్నం తుల్సా అనే పిల్లని మోసుకొచ్చారు. ఇప్పపువ్వు ఏరుకుని వస్తూ ట్రాక్టర్ మీంచి పడింది. ఊపిరి అందడం లేదు. ఫిల్ము చూడగానే దయానిధికి తెలిసిపోయింది. కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయి, చుట్టూ గాలి నిండింది. గొట్టం వేసి ఆ గాలి తీసేయాలి. కానీ డాక్టరు బిశ్వరూప్ ఉద్యోగంలో చేరి రెండు నెలలు కాలేదు.

"రిపోర్టు రానీ దయా భాయి. అది గాలి కాకపోతే నేనే పొడిచి చంపినట్టవుతుంది."

"ఇరవై రెండేళ్లుగా చూస్తున్నానయ్యా!"

"చూస్తావు సరే, సంతకం పెట్టేది నువ్వు కాదుగా."

ఎర్ర గుర్తు పెట్టి పంపాడు. ఆ రోజుకి అది ఆయన పన్నెండో అర్జెంటు. పొద్దుటివాటిలో ఐదింటికి రిపోర్టులొచ్చాయి, అన్నీ నార్మలే. తుల్సాది వరసలో నలభై మూడోది. ఆమె ముందున్నవాటిలో ఆరు ఆయనవే. తాను తవ్విన గోతిలో ఈ పిల్ల పడింది. దయానిధి ఫోన్ చేశాడు. ఏడోసారికి మేడం ఎత్తింది.

"చెప్పండి దయానిధి బాబూ. అర్జెంటేనా?" ఆ గొంతులో వెటకారం కంటే నీరసమే ఎక్కువ.

"నిజంగా అర్జెంటు మేడం."

"మీకెప్పుడు కాలేదు? పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్లు తాగలేదు నేను."

"మిగతా పదకొండూ అబద్ధం మేడం. మోకాళ్లు, మెడనొప్పులు. పోయినవారానివీ అంతే. తర్వాత ఎంత తిట్టినా పడతాను, ముందు తుల్సాది చూడండి. పెదాలు నల్లబడుతున్నాయి."

అవతల మౌస్ టకటకలాడింది, మేడం తుల్సా ఫిల్ము తెరిచింది. తర్వాత, "గొట్టం వెయ్యమనండి, ఇప్పుడే. డాక్టరుకి ఫోనివ్వండి," అంది.

బిశ్వరూప్ గొట్టం వేసిన అరగంటకి తుల్సా మంచినీళ్లడిగింది. దయానిధి సంబరంగా మళ్లీ ఫోన్ చేశాడు.

"బతికింది మేడం! మీ దయ."

"మంచిది. పొద్దున కొండదారి అవతలి ఆసుపత్రి నుంచి ఇలాంటిదే వచ్చింది. తాపీమేస్త్రీ అట. మీ ఐదూ చూసి దాని దగ్గరికి వెళ్లేసరికి మనిషి పోయాడు. వాళ్లు ఫోన్ చెయ్యలేదు, బాబూ." తిట్టలేదు. ఫోన్ పెట్టేసింది.

తుల్సా మొగుడు పరుగున వచ్చి దయానిధి కాళ్ల మీదకి వంగాడు.

"నువ్వు ఫోన్ చెయ్యకపోతే నా కొంప మునిగేది దాదా!"

దయానిధి చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు, ముట్టుకోకు," అన్నాడు. గదిలోకెళ్లి, వరసలో ఇంకా మిగిలిన తనవాటికి ఒక్కొక్కటిగా ఎర్ర గుర్తు తీసేశాడు.