ఇస్సాకు చేసిన పిచికారి

హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో ఒక పాత రెండంతస్తుల ఇల్లు. కింద వెనకగదిలో ఇస్సాకు ఒక్కడే అద్దెకుంటున్నాడు. భార్య సక్కుబాయి పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. పొద్దున గ్లాసెడు బియ్యం వండుకుంటే రెండు పూటలకూ సరిపోతుంది. మిగతా వాటాలవాళ్ళు ఎదురైతే నవ్వి, బాగున్నారా అంటారు. అంతటితో సరి. ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే ‘నీళ్ళ పని’ అని ఊరుకునేవాడు. అంతకుముందు పురానాపూల్‌లో ఉన్నప్పుడు, నిజం చెప్పిన నెలకే ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది మరి.

హోళీకి ఐదు రోజుల ముందు, పైవాటాలో ఉండే పదేళ్ళ అఖిల పగిలిన ప్లాస్టిక్ పిచికారి పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడింది. తల్లిదండ్రులు శశిధర్, సుచరిత కాకినాడ నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు. పిల్ల మాత్రం బడిలో ఇక్కడి మాటే నేర్చింది.

“తాతా, గిది మంచిగ చేస్తవా? నిన్ననే కొన్నరు, అప్పుడే పలిగింది.”

ఇస్సాకు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది ఇగ పనికిరాదు బిడ్డా. నేనొకటి చేసిస్త. ఏండ్లకేండ్లు ఉంటది.”

ఆ సాయంత్రమే బస్సెక్కి చాంద్రాయణగుట్టలో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాడు. మూరెడు పొడవున ఒక లావు గొట్టం, దాంట్లో దూరే సన్న గొట్టం, రెండు మూతలు, రబ్బరు వాషర్లు, ఒక బోల్టు తీయించాడు.

“క్యా బనారే చచ్చా?” ఏం తయారుచేస్తున్నావని అడిగాడు దుకాణదారు.

“పిచికారి, భాయ్. మా పోరికి.”

‘మా పోరి’ అన్న మాట తన నోట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియలేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ దాన్నే తలుచుకున్నాడు.

మర్నాడు మేకు ఎర్రగా కాల్చి ఒక మూతకు సన్నటి రంధ్రం పెట్టాడు. దాన్ని లావు గొట్టం చివర సొల్యూషన్‌తో అతికించాడు. సన్న గొట్టం కొసన రెండో మూత పెట్టి, దానికి వాషర్లను బోల్టుతో బిగించి, కొబ్బరినూనె రాసి లోపలికి దూర్చాడు. బకెట్లో ముంచి వెనక్కి లాగి ఒక్క తోపు తోస్తే నీళ్ళు ప్రహరీగోడ దాటి పడ్డాయి. అఖిల కేకలు పెట్టి గంతులేసింది.

“గివన్నీ నీకెట్ల తెలుసు తాతా?”

పసిపిల్లతో అబద్ధమాడడానికి ఆయనకు మనసొప్పలేదు. “ముప్పై ఏండ్లు మోరీలల్ల దిగిన బిడ్డా. మ్యాన్‌హోల్ మూత తీసి, లోపల అడ్డం పడ్డదంత చేతులతోని తీసేటోణ్ని.”

“లోపలికి దిగుతుంటివా! భయం కాకపోయేదా?”

“మస్తు అయితుండె.”

మా తాత ఎంత ధైర్యవంతుడో చెప్పాలని పిల్ల మెట్లెక్కి పరుగెత్తింది.

తెల్లవారేసరికి పిచికారి ఆయన గడప ముందు ఉంది. నాలుగడుగుల దూరంలో శశిధర్ నిలబడి ఉన్నాడు. “ఏమనుకోకండి ఇస్సాకు గారూ. మా అమ్మకి కాస్త పట్టింపులెక్కువ. పాపకి వేరేది కొనిపెడతాం.”

“ఫికర్ లేదు సార్,” అన్నాడు ఇస్సాకు.

ఆనాటి నుంచి ఎదురైనవాళ్ళ నవ్వు కూడా పోయింది. ఆయన కుళాయి దగ్గరికి వస్తే బిందెలు పక్కకు జరిగేవి. ఇల్లుగలాయన ఎప్పుడు పిలిచి ఖాళీ చేయమంటాడోనని, వాడని సామాను మూటలు కట్టి పెట్టుకున్నాడు.

హోళీకి ముందురోజు అఖిల ఒక సంచీ తెచ్చి గడప ముందు గుమ్మరించింది. కొత్తగా కొన్నవి, అలాంటి గొట్టాలే, అలాంటి వాషర్లే. మెట్ల మీద సుచరిత నిలబడి చూస్తోంది.

“నువ్వు చేసింది ముట్టొద్దని నానమ్మ అన్నది తాతా. మూతకు బొక్క అమ్మ పెట్టింది. మిగిలింది నువ్వు చెప్పు, నేనే చేస్త.”

ఇస్సాకు గడప లోపల కూర్చుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కటే చెప్పసాగాడు. పిల్ల చేతుల్లో వాషరు కుదరలేదు, జారిపోతోంది. ఆయన చప్పున ముందుకు వంగి చెయ్యి చాచాడు. అంతలోనే, తప్పు చేసినవాడిలా వెనక్కి తీసుకున్నాడు.

అది చూసి సుచరిత గబగబా దిగివచ్చింది. గొట్టం తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

“మీరే బిగించండి, బాబాయిగారూ.”

“వద్దమ్మా, పెద్దమ్మగారు చూస్తే లొల్లయితది.”

పైనుంచి అత్తగారు బాలత్రిపురసుందరి కేకేసింది. “సుచరితా! ఏమిటా పని?”

సుచరిత తలెత్తి చూసింది. “అత్తయ్యా, ముప్పై ఏళ్ళు ఆయన తీసింది మన మురికే. అదంటే అసహ్యమైతే మనల్ని చూసి మనం అసహ్యించుకోవాలి. మొన్న ఆయన చేసింది తిప్పి పంపుతుంటే నేను నోరు మూసుకున్నాను. తప్పు నాది కూడా.”

పైన తలుపు దభీమని మూసుకుంది. శశిధర్ దిగిరాలేదు. ఇస్సాకు బోల్టు బిగించాడు గానీ, కళ్ళు మసకబారి రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించవలసి వచ్చింది.

హోళీ నాడు ఆ ఇంట్లో ఇస్సాకు మీద రంగునీళ్ళు చల్లింది అఖిల ఒక్కతే. తడిసిన చొక్కాతో ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. మరెవరూ రాలేదు.

చదువరులారా, అలాంటి గుమ్మం మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. మన మురికిని ఎత్తిపోసిన మనిషిని దూరం పెట్టినంత కాలం, మన ఇళ్ళు ఎంత కడుక్కున్నా శుభ్రపడవు.