పక్క గదికి ఊరేగింపు

సుగుణ పెళ్లి కుదిరిందని తెలియగానే చాలిలో అందరూ సంతోషించారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? బొంబాయి కామాఠీపురాలో, గదికో కాపురముండే ఆ చాలి మూడో అంతస్తులో మెట్లెక్కగానే రత్నాబాయి గది, దాన్ని ఆనుకునే కిష్టమ్మ గది. రత్నాబాయి కూతురు సుగుణను కిష్టమ్మ కొడుకు శివరాంకు ఇస్తున్నారు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. అదీ ఇటు తుమ్మితే అటునుంచి 'చిరంజీవ' అనేంత పలచనిది.

మిల్లుల సమ్మె మొదలైన మరుసటి ఏడు అది. పెళ్లి కింద గల్లీలో, పందిట్లో. బ్యాండు సాయిలుది. మంచి ముహూర్తం కావడంతో అతనికి ఆ సాయంత్రమే దాదర్‌లో మరో పెళ్లి ఉంది. అందుకని ఒక్కసారే వాయిస్తానని, ఎప్పుడో మీరే తేల్చుకోమని చెప్పి వెళ్లాడు. అక్కడ మొదలైంది తంటా.

కులపెద్ద పెద్దయ్యకు ఇందులో తేల్చుకోవడానికి ఏముందో అర్థం కాలేదు. పెళ్లికొడుకును బాజాతో తీసుకురావడం తాతల నాటి పద్ధతి కాబట్టి ఎదురుకోళ్లకే వాయించాలన్నాడు. రత్నాబాయి భర్త రాజలింగం సరేనని తల ఊపాడు. ఆయన తల అడ్డంగా ఊగగా చూసినవాళ్లు లేరు. రత్నాబాయి మాత్రం బ్యాండు అప్పగింతలప్పుడే కావాలంది. పిల్లను ఊరంతా తిప్పి అత్తగారింట్లో దింపాలట.

పెద్దయ్యకు నవ్వాగలేదు. చెయ్యి చాస్తే అందే ఇంటికి ఊరేగింపేమిటన్నాడు. రేపు పొద్దున నల్లా దగ్గర కనబడే పిల్లకు అప్పగింతలే దండగన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వేసరికి రత్నాబాయికి ఒళ్లు మండింది.

ఆమె భయం ఆమెది. సుగుణ చిన్నప్పటినుంచీ కిష్టమ్మ ఇంట్లో బియ్యం ఏరింది, బిందెలు మోసింది, గోడ మీద తడితే పరుగెత్తింది. ఎక్కడినుంచో వచ్చిన పిల్లనైతే నాలుగు రోజులు కొత్తకోడలని మన్నిస్తారు. పక్కింటి పిల్లకు పెళ్లైన మర్నాడే చీపురు చేతికొస్తుంది. కిష్టమ్మ చెడ్డదని కాదు, అలవాటు చెడ్డది.

"గోడ దాటి పోతే నా బిడ్డ పోయినట్టు ఎవ్వలకు కానరాదన్నా," అంది పెద్దయ్యతో. "గల్లీలన్ని తిరిగి పోవాలె. అత్తగారింటికి పోయినట్టు ఉండాలె."

ఇదంతా వింటున్న కిష్టమ్మ, తన కొడుకు నడిచి వస్తే అరిగిపోడని, బ్యాండు పిల్లకే పెట్టమని అంది. మగపెళ్లివాళ్లే ఒప్పుకున్నాక పెద్దయ్య కూడా సరేనన్నాడు.

పెళ్లినాడు శివరాం చప్పుడు లేకుండా మెట్లు దిగి వచ్చి పందిట్లో కూర్చున్నాడు. తాళి కట్టడం, భోజనాలు, అప్పగింతలు అయ్యాక సాయిలు బ్యాండు అందుకున్నాడు. వెనక కొత్తజంట, ఆ వెనక చాలి జనం. గ్రాంట్ రోడ్డు వైపు బయల్దేరారు. దారిలో దుకాణాలవాళ్లు పిల్లనెక్కడికి ఇచ్చారని అడుగుతుంటే రాజలింగం సిగ్గుపడి మాట మార్చాడట.

రత్నాబాయి వెళ్లలేదు. పైకొచ్చి తన గుమ్మంలో నిలబడి వింది. డోలు మోత గల్లీ మలుపు తిరిగి, సన్నగిల్లి, చివరికి ఏమీ వినబడకుండా పోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు, పిల్ల నిజంగానే వెళ్లిపోయిందని. కోరి తెప్పించుకున్న బ్యాండే పిల్లను తీసుకుపోయినట్లయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మోత మళ్లీ దగ్గరయింది. జనం మెట్లెక్కారు. ఎండలో తిరిగి అలసిన సుగుణ, తల వంచుకుని, కాళ్లకు తెలిసిన దారిన నేరుగా మొదటి గుమ్మంలోకి అడుగెత్తింది. వెనకవాళ్లు గొల్లున నవ్వారు.

రత్నాబాయి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది కాదు బిడ్డా. నీ ఇల్లు పక్కది."

సుగుణ తలెత్తి తల్లి ముఖం చూసింది. అప్పగింతలప్పుడు కూడా ఏడవని పిల్ల అక్కడ బోరుమంది.

ఎర్రనీళ్ల పళ్లెంతో తన గుమ్మంలో ఎదురుచూస్తున్న కిష్టమ్మ, పళ్లెం కింద పెట్టి ఇవతలికి వచ్చింది. ఇన్నేళ్లూ రత్నా అని పిలిచిన మనిషి, కొంగు భుజం నిండా కప్పుకుంది.

"వదినె, నీ బిడ్డను తోల్కపోతున్న. పంపియ్యి."

రత్నాబాయి తల ఊపింది. గుమ్మానికి అడ్డం పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు. తీస్తే బిడ్డ వెనకే తానూ వెళ్లిపోతుందని ఆమెకు తెలుసు.